రెండేసి మాత్రలు కత్తిరించినదాన్ని

నేను ఒక కత్తెరను. మందుల షాపు కత్తెరను. ఈ మాట చెబితే కొందరికి నవ్వొస్తుంది. కత్తెర దర్జీ దగ్గరో మంగలి దగ్గరో ఉండాలి కానీ మందుల షాపులో దానికేం పని అంటారు. పది మాత్రల పట్టీ తీసి ఇస్తున్న షాపతనితో మీరెప్పుడైనా "అన్నీ వద్దులే, రెండు చాలు" అన్నారా? అని ఉంటే మీకూ నాకూ పాత పరిచయమే. మొహమాటపడకండి. మిమ్మల్ని తప్పుపట్టే యోగ్యత నాకు లేదు.

పుట్టింది మీరట్‌లో. లారీల కింద విరిగిపోయిన కమాను పట్టీలను కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. అక్కడినుంచి ఒంగోలు వచ్చి ఖాదర్ వలీ అనే దర్జీ చేతిలో పడ్డాను. ఆయన నన్ను కొడుకుల కంటే ఎక్కువ చూసుకున్నాడు. ఎవరైనా ఉత్తరం చింపడానికి నన్ను అడిగితే, కాగితం కోస్తే పదును చస్తుందని ఖరాఖండిగా చెప్పి పంపేసేవాడు. రెడీమేడ్ బట్టలొచ్చి మిషను మూలపడ్డాక, కళ్ళు కూడా మసకబారాక, చివరి ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చిన చెన్నకేశవులుకు నన్ను ఇచ్చేశాడు. చెన్నకేశవులు అప్పుడే ఒంగోలుకు దక్షిణాన, హైవే పక్కన ఒక ఊళ్ళో మందుల షాపు తెరుస్తున్నాడు.

కాగితం కోయనివ్వని ఇంటినుంచి వెండి రేకు కోసే కొట్టుకు వచ్చాను. మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత అలవాటైంది. అలవాటంటే మనుషుల దగ్గరే నేర్చుకోవాలి, వాళ్ళకు దేనికైనా అలవాటు పడే విద్య తెలుసు.

ఆ ఊరు పొగాకు ఊరు. బ్యారన్లనే పొయ్యి గదుల్లో కాల్చిన ఆకును షెడ్లలో కుప్ప పోసి, రంగునుబట్టి, మచ్చనుబట్టి వేరుచేసే పనిని గ్రేడింగ్ అంటారు. అది ఆడవాళ్ళ పని. పదిమంది, పన్నెండుమంది కలిసి ఒక ముఠాగా వెళతారు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవరు. గాలి తగిలితే ఆకు పెళుసెక్కి విరుగుతుందని షెడ్డు తలుపులు మూసేస్తారు. లోపల ఉక్క, ఘాటు. మరుగుదొడ్డి లేదు. బయట హైవే మీద పగలంతా జనం. లేవాల్సి వస్తుందని వాళ్ళు నీళ్ళు తాగరు. అలా మార్చి నుంచి జూన్ దాకా నీళ్ళు మానేసి కూర్చునే ఆడవాళ్ళకు ఏ జబ్బు వస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, సాయంత్రానికి చలిజ్వరం.

ఆ సంగతి మగవాడైన చెన్నకేశవులుతో చెప్పడానికి వాళ్ళకు సిగ్గు. అందుకని అందరి తరఫునా ముఠా పెద్ద ఒక్కతే వచ్చేది. ఆమె పేరు దీనమ్మ. బక్కపలచని మనిషి, గట్టి గొంతు. కౌంటరు మీద అరచెయ్యి ఆనించి నిలబడేది.

"కేశవులయ్యా, వేడి చేసిందయ్యా. మాత్రలియ్యి."

"ఎంతమందికి?"

"ఐదుగురికి."

అంతే. ఎవరికి, ఎన్నాళ్ళ నుంచి, జ్వరం ఉందా, అదివరకు వచ్చిందా అన్న ప్రశ్నలేవీ ఉండేవి కావు. చెన్నకేశవులు తెల్ల మాత్రల పట్టీ ఒకటి తీసేవాడు, నన్ను అందుకునేవాడు. పది మాత్రలను ఐదు భాగాలు చేసేదాన్ని. పట్టీ వెనకాల నిలువునా ఒక ఎర్రగీత ఉంటుంది, డాక్టరు చెప్పకుండా వాడొద్దని. ఆ గీతను కూడా నేను న్యాయంగా ఐదు ముక్కలు చేసేదాన్ని. ఒక ముక్క మీద మందు పేరు వెళ్ళేది, ఇంకో దాని మీద తేదీ, మిగతావాటికి ఏమీ ఉండేది కాదు. దీనమ్మ ఆ ముక్కల్ని కొంగున ముడేసుకుని వెళ్ళేది.

నిజానికి ఆ పట్టీ మొత్తం ఒక్క మనిషిది. ఐదు రోజులు, రోజుకు రెండు. ఆ సంగతి చెన్నకేశవులుకు తెలుసు. ఒకసారి అన్నాడు కూడా, ఒక్కొక్కరూ పది వేసుకోవాలని. దీనమ్మ నవ్వింది.

"మా ముఠాలో ఒకరు తింటా ఉంటే ఇంకొకరు చూసేది లేదయ్యా. మామిడికాయైనా ముక్కలు కోసి పంచుకుంటాం. రెండేస్తేనే తగ్గిపోతంటే పది ఎందుకు, ఒళ్ళు పాడు గాను."

తగ్గిపోయేది. అదే అసలు చిక్కు. రెండు మాత్రలకు మంట తగ్గేది, జ్వరం దిగేది, మర్నాడు ఐదుగురూ షెడ్డులో ఉండేవాళ్ళు. దీనమ్మకు మందు మీద నమ్మకం, చెన్నకేశవులుకు తన హస్తవాసి మీద నమ్మకం, నాకు నా పదును మీద గర్వం. ముగ్గురం సంతోషంగానే ఉన్నాం. తిలాపాపం తలా పిడికెడు అని ఊరికే అనలేదు పెద్దలు.

లోపల ఏం జరుగుతున్నదో నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. షాపు వెనకాలే చిన్న నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టర్ హైమావతి ఒకసారి చెన్నకేశవులును నిలదీస్తూ చెప్పింది. మొదటి రెండు మాత్రలకు చచ్చేవి బలహీనమైన పురుగులట. అవి పోగానే మనిషికి హాయిగా ఉంటుంది. మిగిలినవి మొండివి. చావు తప్పి కన్ను లొట్టబోయి బయటపడినవి. వాటిని చంపడానికే మిగతా ఎనిమిది మాత్రలు. ఆ ఎనిమిదీ పక్కమనిషి కొంగులో ఉన్నాయి కదా, ఇక వాటికి ఎదురేముంది? ఆ మొండివే పెరుగుతాయి, పిల్లలు పెడతాయి. పైగా ఒక పురుగు నేర్చిన తప్పించుకునే విద్యను పక్క పురుగుకు ఇస్తుందట. పంచుకోవడం మనుషులకే కాదు, వాటికీ తెలుసు.

నాలుగైదేళ్ళకు రెండు మాత్రలకు తగ్గడం మానేసింది. దీనమ్మ నాలుగేసి అడిగింది. తర్వాత తెల్ల మాత్ర అసలు పని చేయలేదు. చెన్నకేశవులు నారింజరంగు మాత్రకు మారాడు. అది ఏడెనిమిదేళ్ళు ఆదుకుంది. తర్వాత గొట్టం మాత్ర. ప్రతిసారీ కొత్త మందు దివ్యంగా పనిచేసేది, ప్రతిసారీ దాన్నీ నేను రెండేసిగా కోసేదాన్ని. "కంపెనీవాళ్ళు కల్తీ చేస్తున్నారు, పాత సరుకులా లేదు" అని చెన్నకేశవులు విసుక్కునేవాడు. సరుకు అదే. మారింది పురుగు.

ఇలా ఇరవై ఏళ్ళు గడిచాయి. ఇక అసలు సంగతికి వస్తాను. దాన్ని చెప్పలేకే ఇంతసేపూ నాన్చాను.

మొన్న వేసవిలో దీనమ్మ కోడలు సలోమికి ఐదో నెల. కొడుకు లారీ డ్రైవరు, నాగపూర్ దారిలో ఉన్నాడు. సలోమి కూడా అదే ముఠాలో ఆకు వేరు చేసేది. మంట మొదలైంది. అత్త తెచ్చిన రెండు గొట్టం మాత్రలు మింగింది. తగ్గలేదు. ఇంకో రెండు మింగింది. మూడోనాడు ఒళ్ళు ఎగిరెగిరి పడే చలితో, నడుములో పోటుతో, మాట తడబడుతుండగా ఆటోలో వేసుకొచ్చారు. నర్సింగ్‌హోమ్‌కు వెళ్ళే సందు మా షాపు పక్కనుంచే. దీనమ్మ ఆ రోజు కౌంటరు దగ్గర ఆగలేదు.

డాక్టరమ్మ మూత్రం పరీక్షకు పంపింది. ఏ మందుకు ఆ పురుగు చస్తుందో తేల్చే పరీక్ష అది, రావడానికి మూడు రోజులు పడుతుంది. ఈలోగా తనకు తెలిసిన మంచి ఇంజెక్షన్ మొదలుపెట్టింది. జ్వరం దిగలేదు. రెండోనాడు బీపీ పడిపోయింది. గుంటూరు పంపిద్దామంటే దారిలో నిలవదని భయపడింది. మూడోనాడు మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ దాన్ని చేతిలో పట్టుకుని స్వయంగా షాపుకు నడిచి వచ్చింది. మందు కోసం ఆమె అలా రావడం అదే మొదలు.

కాగితాన్ని కౌంటరు మీద, నా పక్కనే పరిచింది. ఎడమవైపు పద్దెనిమిది మందుల పేర్లు. ఎదురుగా ఒక్కొక్కదానికి ఒక్కొక్క మాట. లొంగదు, లొంగదు, లొంగదు. తెల్ల మాత్ర లొంగదు. నారింజరంగుది లొంగదు. గొట్టం మాత్ర లొంగదు. చెన్నకేశవులు వేలు కిందికి జారుతుంటే నాకు ఆ పేర్లన్నీ గుర్తొచ్చాయి. ఎన్నిటిని ముక్కలు చేశానో. అడుగున, చివరి వరుసకు పైన, ఒక్క మందు దగ్గర మాత్రం లొంగుతుంది అని ఉంది.

"ఇది నీ దగ్గర ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా. ఒంగోల్లోనే ఉండదు. పెద్దాస్పత్రుల్లో వాడేది."

"ఈ రాత్రికే మొదటి సీసా పడాలి కేశవులూ. రోజుకు మూడు చొప్పున పది రోజులు. ముప్పై సీసాలు. మధ్యలో ఒక్కటి తప్పినా ఇది కూడా చేజారిపోతుంది. ఆ తర్వాత నా దగ్గర మందు లేదు."

ఆ మధ్యాహ్నం చెన్నకేశవులు ఎన్ని ఫోన్లు చేశాడో లెక్కలేదు. ఒంగోలు లేదు. నెల్లూరు రేపిస్తానంది. గుంటూరులో ఒక ఏజెన్సీ అతను పాతిక ఉన్నాయన్నాడు, ఇంకో ఐదు పక్కవాడి దగ్గర అడిగి తెస్తానన్నాడు. ఐసు పెట్టెలో పెట్టి నాలుగింటి బస్సులో వేశాడు. దీనమ్మ మా షాపు మెట్టు మీద కూర్చుంది. ముఠాలో ఇద్దరు సలోమి దగ్గర ఉన్నారు. బస్సు చిలకలూరిపేట దాటిందని ఫోన్ వచ్చింది. తర్వాత అరగంట ఏ కబురూ లేదు. టైరు పేలి మార్టూరు దగ్గర ఆగిందని తెలిసింది. దీనమ్మకు ఒకటే పని, లేచి హైవే వరకు నడవడం, తిరిగి రావడం. చెన్నకేశవులు షాపు వదిలేసి మోటారుసైకిల్ మీద ఎదురెళ్ళి పెట్టె తెచ్చాడు. దాని తాళ్ళు, టేపు నేనే కోశాను. పుట్టాక అంత తొందరగా ఎప్పుడూ కోయలేదు. జీవితంలో నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు మొదటి సీసా సలోమి నరంలోకి వెళ్ళింది.

సీసాలు చెన్నకేశవులు తన ఫ్రిజ్‌లోనే ఉంచుకున్నాడు, నర్సింగ్‌హోమ్‌లో కరెంటు నిలకడగా ఉండదని. రోజూ పొద్దున దీనమ్మ వచ్చి మూడు తీసుకుపోవాలి. రెండోనాడు ఆమె వచ్చినప్పుడు అతను తలుపు దగ్గరే అడిగాడు.

"ఎట్టా ఉంది?"

"కళ్ళు తెరిచిందయ్యా. నీళ్ళడిగింది."

మూడోనాడు జ్వరం దిగింది. కడుపులో బిడ్డ గుండె సరిగ్గా కొట్టుకుంటున్నదని డాక్టరమ్మ చెప్పింది. చెన్నకేశవులు ఊపిరి పీల్చుకున్నాడు, కానీ వెంటనే ఇంకో భయం పట్టుకుంది అతనికి. ఇరవై ఏళ్ళుగా తెలిసిన మనిషి కదా. తగ్గిందంటే మిగిలినవి ముఠాలో పంచేస్తుంది.

నాలుగోనాడు దీనమ్మ వచ్చి ఎప్పటిలాగే కౌంటరు మీద చెయ్యి ఆనించింది. నేను అక్కడే ఉన్నాను. ఆ అరచెయ్యి నా మీద పడింది. ఇనుముకు వేడి తెలుస్తుంది, మనుషుల కంటే బాగా తెలుస్తుంది. ఆ చెయ్యి కాలుతున్నది. పొద్దున ఎనిమిది, ఎండ ఇంకా మెట్టెక్కలేదు. ఆమె కొంచెం ముందుకు వంగి, ఇంకో చేత్తో నడుము పట్టుకుని నిలబడింది.

చెన్నకేశవులు ఫ్రిజ్ దగ్గర సీసాలు లెక్క చూసుకుంటున్నాడు. ఆమెకు వీపు పెట్టి ఉన్నాడు.

ఐదోనాడు ఆ చెయ్యి మరీ కాలింది. ఆ రోజు ఆమె సీసాలు అందుకుని వెంటనే కదల్లేదు.

"కేశవులయ్యా."

"ఏంది?"

"ఇందులో ఇంకొకరికి సర్దొచ్చా?"

అతను గిర్రున తిరిగాడు. అతని కోపం ఆమె మీద కాదు, నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా నన్ను పట్టుకున్న తన చేతి మీద. కానీ పడింది మాత్రం ఆమె మీదే.

"నీకు బుద్ధుందా దీనమ్మా? పంచి పంచి పిల్లను ఇక్కడిదాకా తెచ్చుకున్నావ్. నువ్వూ నేనూ కలిసి తెచ్చాం. జిల్లా అంతా గాలిస్తే దొరికినయ్యి ఈ ముప్పై. ఒక్క చుక్క ఎవరికన్నా ఇచ్చావంటే నీ కోడలూ పోద్ది, కడుపులో బిడ్డా పోద్ది. తెలిసిందా?"

"తెలిసిందయ్యా."

"ఎవరికీ ఇయ్యనని చెప్పు."

"ఇయ్యనయ్యా. మొత్తం పిల్లకే ఏపిస్తా."

ఆమె చెయ్యి నా మీద నుంచి లేచింది. నేను కొంచెంసేపు వెచ్చగానే ఉండిపోయాను. నాకు నోరుంటే ఆ క్షణంలో అరిచేదాన్ని. రెండు అంచులూ పదునుగా ఉన్నాయి, రేకు కోస్తాయి, తాడు కోస్తాయి, ఒక్క మాట పలకలేవు. అతను కౌంటరు తుడిచాడు. తుడుస్తూ నన్ను పక్కకు జరిపాడు కూడా. ఇనుము ఎందుకు వెచ్చగా ఉందని ఆలోచించలేదు.

మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. అతను "ఎవరికి?" అని అడిగి ఉంటే ఏమయ్యేది? ఎన్నడూ అడిగిన అలవాటు లేదు. ఆమెకు చెప్పిన అలవాటూ లేదు. దీనమ్మ దృష్టిలో మందు అంటే ఒక రాశి, దానిలోనుంచి ఒకరు తీసుకుంటే ఇంకొకరికి తగ్గుతుంది. ఆమె జీవితమంతా దాన్ని అందరికీ సమంగా పంచింది. ఇప్పుడు మొదటిసారి పంచొద్దని చెప్పారు. ఆమె మాట నిలబెట్టుకుంది, అంతే. ఇంకో ముప్పై సీసాలు తెప్పించవచ్చని ఆమెకు తోచలేదు. ఆ నాలుగింటి బస్సు కోసం మెట్టు మీద కూర్చున్న మనిషికి ఎలా తోస్తుంది?

ఆరు, ఏడు, ఎనిమిది రోజులు ఆమె వచ్చింది. సీసాలు తీసుకుంది. ఎనిమిదో రోజు ఆమె చెయ్యి చల్లగా ఉంది, చెమటతో తడిగా ఉంది. తగ్గిందేమోనని నేను ఆశపడ్డాను. నా తెలివి అంత.

తొమ్మిదో రోజు ఆమె రాలేదు. ముఠాలో ఒకామె పరుగెత్తుకుంటూ వచ్చి మూడు సీసాలు అడిగింది. కోడలి దగ్గర ఇంకొకరిని కాపలా ఉంచి, సగం రోజు పని చేసొద్దామని తెల్లారగానే షెడ్డుకు వెళ్ళిన దీనమ్మ ఆకు కుప్ప మీద పడిపోయిందని చెప్పింది. పడిపోతూ కూడా పిల్ల సీసాలు తేవాలని అన్నదట. డాక్టరమ్మ చూసి, పరీక్షకు నెత్తురు తీసుకుని వెంటనే అంబులెన్సు ఎక్కించింది. గుంటూరు చేరలేదు. చిలకలూరిపేట దగ్గర ప్రాణం పోయింది. ఇద్దరి ఒంట్లో ఉన్నది ఒకటే పురుగని తర్వాత పరీక్షలో తేలింది. అదే మందుకు లొంగుతుందని కూడా తేలింది.

ఆ కబురు విన్నాక చెన్నకేశవులు నన్ను తీసి సొరుగులో వేశాడు. రబ్బరు బ్యాండ్లు, సిరా ఆరిపోయిన స్టాంపు, నేను. అప్పటినుంచి ఆ షాపులో పట్టీ పట్టీగానే ఇస్తాడు, ఎర్రగీత ఉన్నదైతే డాక్టరు చీటీ లేనిదే ఇవ్వడు. సగం మంది ఎదురు షాపుకు వెళుతున్నారు. అక్కడ కత్తెర కొత్తది, టకటకమని ఆడుతుంది. సొరుగులో ఉన్నా నాకు వినపడుతుంది. సాటిదాని చప్పుడు తెలియకుండా ఎలా ఉంటుంది?

నెల తిరిగాక సలోమి షాపుకు వచ్చింది. కడుపు ఎత్తుగా కనపడిందేమో, కూర్చోమని అతను స్టూలు జరిపాడు. సొరుగు సగం తెరిచి ఉంది.

"అన్నా, మా అత్తకు జరమని నీకు తెలుసా?"

"తెలవదమ్మా." అన్నాడు. "ఇంకొకరికి సర్దొచ్చా అని ఒక రోజు అడిగింది. నేను తిట్టా. ఎవరికని మాత్రం అడగలా."

సలోమి ఏడవలేదు. ఏడుపు అప్పటికే అయిపోయి ఉంటుంది. కాగితం మడత విప్పిన చప్పుడు వినపడింది.

"ఇప్పుడు ముఠాకు నన్ను పెద్దను చేశారన్నా. నలుగురికి మళ్ళీ వేడి చేసింది. ఎవరెవరికో రాసుకొచ్చా. ఎన్నాళ్ళ నుంచో కూడా రాశా. మందు ఇయ్యమని రాలా. డాక్టరమ్మ దగ్గరికి నువ్వు కూడా రా, మాకు చెప్పుకోడం రాదు."

అతను ఆ పేర్లు ఒక్కొక్కటే పైకి చదివాడు. సంపూర్ణ, నాలుగు రోజులు. యోహానమ్మ, రెండు రోజులు. వెంకాయమ్మ, వారం. కోటేశ్వరి, నిన్నటినుంచి. ఇరవై ఏళ్ళుగా నేను ముక్కలు కోసి ఇచ్చిన మనుషుల పేర్లు నేను వినడం అదే మొదలు. షట్టరు సగానికి దించి, పట్టపగలు షాపు వదిలి, సలోమితో, బయట మెట్టు మీద కూర్చున్న ఆ నలుగురితో సందులోకి వెళ్ళాడు.

డాక్టరమ్మ నలుగురి దగ్గరా మూత్రం తీసుకుని పరీక్షకు పంపింది. ఆ ఒక్క మందైనా ఇంకా లొంగదీస్తుందో లేదో అందులో తెలుస్తుంది. రిపోర్టు మూడోనాడు వస్తుంది. ఇవాళ రెండో రోజు.